చిన్న గొంతుకు పలికే స్పీకరు

స్పీకర్లు కట్టే ఆయన పొద్దున్నే షట్టరెత్తి, బల్ల తుడిచి, టెస్టు మైకుని స్పీకరుకి సరిగ్గా మీటరు దూరంలో నిలబెట్టేవాడు. మధ్యాహ్నం ఆ బల్ల మీదే భోజనం. కొనుక్కోడానికి వచ్చినవాళ్లు మాట్లాడితేనే మాట. అమ్మ పోయినప్పుడు చెల్లెలితో మాటామాటా పెరిగి, రాకపోకలు ఆగిపోయి పదకొండేళ్లు.

ఒకరోజు లైబ్రరీలో పనిచేసే ఒకావిడ వచ్చింది.

"మా నాన్న యాంప్లిఫయరండీ. ఎనిమిది వాట్లే. కొత్త స్పీకర్లు తగిలిస్తే పాట నీరసంగా వస్తోంది. దాన్ని పారేయమంటున్నారు అందరూ."

"దాని తప్పేం లేదమ్మా. మీ స్పీకర్లే మొద్దువి. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత గట్టిగా వినబడుతుందో, అదీ సెన్సిటివిటీ. మూడు డెసిబెల్స్ తగ్గిందా, అంతే శబ్దానికి రెట్టింపు పవరు పొయ్యాలి. చిన్న గొంతుకే పలికేవి కడతాను. పెట్టెలు మాత్రం బీరువాలంత ఉంటాయి. చోటుందా?"

"ఉండేది నేనొక్కదాన్నే. చోటుకేం."

ఆయన బరువైన అయస్కాంతం, పల్చటి కాగితపు కోను ఏరి మొదటి పెట్టె బిగించాడు. వైర్లు ఇంకా దేనికీ తగిలించలేదు. పాలిష్ పెడుతుంటే స్పీకర్లోంచి చెల్లెలి గొంతు: "అయ్యో, పాలు పొంగిపోయాయి!"

పక్కకొట్టు టైలరమ్మ తొంగిచూసింది. "మీ చెల్లెలా? గొంతు బొంగురుపోయిందే."

"జలుబేమో," అన్నాడాయన.

ఆ రోజు నుంచి ఆయన చేతిలో పని ముందుకి సాగలేదు. చెల్లెలు దువ్వెన వెతుక్కునేది, కిటికీ మీద విసుక్కునేది. ఆమెకి జవాబు చెప్పే గొంతు ఒక్కటీ వినబడలేదు. నాలుగోరోజు గిన్నెల చప్పుడు మధ్య, "సోమవారం ఆపరేషనంట. సంతకానికి మనిషి కావాలంట. ఎవర్ని తేను? మానేస్తే పోలా," అంది.

టైలరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఇంకా కూర్చున్నారేంటి మాస్టారూ? లైబ్రరీ ఆవిడకి నేను చెప్తాలెండి."

ఆయన ఆ చొక్కాతోనే బస్సెక్కాడు.

తలుపు తీసిన చెల్లెలు చిక్కిపోయి ఉంది. "ఎవరు చెప్పారు?"

"నువ్వే."

"అంత చిన్నగా, నాలో నేనే అనుకున్నానే!"

"వినబడింది."

ఆమె పక్కకి జరిగి దారిచ్చింది.

సోమవారం నర్సు కాగితం ఇచ్చింది. పేషెంటుకి ఏమవుతారు అన్న గీత దగ్గర ఆయన పెన్ను ఆగిపోయింది. మంచం మీంచి చెల్లెలు, "అన్నయ్య అని రాయి. స్పెల్లింగు మర్చిపోయావా?" అంది.

సాయంత్రం ఆమె కళ్లు తెరిచింది. గొంతు పెగల్లేదు, పెదవులు కదిలాయంతే. ఆయన లేచి, డాక్టరు ఒప్పుకున్నాక, చెంచాతో నీళ్లు పట్టాడు.