అయిదుగురు తండేళ్ల నావ

దేవకుమార్ గారికి ఒక్క నావ ఉన్నంతకాలం బుద్ధి సక్రమంగానే ఉంది. పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో అయిదు నావలయ్యేసరికి మా దీవి పట్నంలోని మిడిల్ పాయింట్‌లో ఆఫీసు తెరిచి, నన్ను గుమాస్తాగా పెట్టుకుని, మద్రాసు ఓడలో వచ్చిన ఒకాయన దగ్గర కంపెనీ నడిపే విద్య మీద పుస్తకం ఒకటి కొన్నారు. ఆ పుస్తకం సగం చదివిన మనిషంత ప్రమాదం సముద్రంలో కూడా లేదని నా అభిప్రాయం.

నావల మీద పనిచేసేవాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఈ దీవిలో స్థిరపడిన జాలర్లు. నావకు అయిదుగురు. వెనక కూర్చుని నడిపే పెద్దను తండేలంటారు. వల ఎక్కడ వెయ్యాలో అతనే చెబుతాడు. ముగ్గురు తెడ్లు వేసి వల లాగుతారు. అందరికన్నా కొత్తవాడు డబ్బా పట్టుకుని నావలోకి వచ్చిన నీళ్లు తోడతాడు. డబ్బాతో మొదలైనవాడు తండేలు కావడానికి పదిహేనేళ్లు పడుతుంది. అంత కష్టపడి తండేలైనవాడు మళ్లీ తెడ్డో డబ్బానో ముట్టుకున్నాడా, పేటలో తలెత్తుకోలేడు.

ఆ రోజుల్లోనే మద్రాసు ఓడ సిబ్బంది మెస్సుకు ఏడాది పొడుగునా చేపలిచ్చే కాంట్రాక్టు మాకొచ్చింది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి మొదటి సరుకు ఫీనిక్స్ బే జెట్టీలో అందాలి. అందకపోతే కాంట్రాక్టు రద్దు, రెండు నావలు ఒడ్డెక్కుతాయి, పది కుటుంబాలు చౌల్దారీ ఊరి పొలాల్లో కూలికి పోవాలి. ఆ పదిళ్లూ నాకు తెలిసినవే. నాకు భయం పట్టుకుంది. మా యజమానికి మాత్రం ఆలోచన పుట్టింది.

అయిదు నావల తండేళ్లనూ ఏరి ఒకే నావలో ఎక్కిస్తారట. దాని పేరు నంబర్ వన్ టీమ్. ఆదివారం ప్రార్థనలో పాటల బృందాన్ని నడిపేదీ ఆయనే. అక్కడా గట్టి గొంతులన్నీ ముందు వరసలో నిలబెట్టి మా చెవులను పరీక్షించిన మనిషి.

తండేళ్లలో పెద్దవాడు అప్పయ్య నచ్చజెప్పబోయాడు. "ఓ నావకి తండేలు ఒక్కడే సాబ్. ఐదుగురం ఎనకే కూకుంటే లాగేదెవుడు?"

ఇది అసూయ అనీ, పుస్తకంలో దీని గురించి ఒక అధ్యాయమే ఉందనీ దేవకుమార్ గారు జవాబిచ్చారు. నాయకుడు ముందుండాలని కూడా అందులో రాశారట. అందుకని సోమవారం చీకటితోనే పుస్తకం చంకన పెట్టుకుని తానూ నావెక్కారు. మిగిలిన నాలుగింటికీ 'మిగులు నావలు' అని పేరు పెట్టి వదిలేశారు. అప్పయ్య భార్య కాళమ్మ రేవుకొచ్చి, ఎవరినీ అడక్కుండా, ఒక్కో నావలో తండేలు తర్వాతివాణ్ణి వెనక కూర్చోబెట్టి పంపేసింది.

ఆ తర్వాత సముద్రం మీద జరిగింది నాకు అయిదుగురూ విడివిడిగా చెప్పారు. ఒక్క ముక్క తేడా లేదు.

ఆటు నీళ్లే నావను బయటికి లాక్కుపోయాయట. అయిదుగురూ వెనకే కూర్చోవడంతో ముక్కు పైకి లేచి, వెనక అంచు మీదుగా నీళ్లు లోపలికి రావడం మొదలైంది. ఒక్కరూ మాట తూలలేదు. నువ్వు నడుపు బావా అంటే, పెద్దోడివి నువ్వుండగానా అని మర్యాదలు చేసుకున్నారు. తెడ్లు తెడ్ల చోటే ఉన్నాయి. ఈలోగా నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. డబ్బా తేలుతూ వచ్చి ఒక్కొక్కరి కాలికీ తగిలింది. అయిదుగురూ దాన్ని చూసి, ఆకాశం కేసి చూశారు.

చివరికి అప్పయ్య ఎంతో వినయంగా అన్నాడు. "ఈ నావలో అందరికంటే కొత్తోరు మీరే సాబ్."

దేవకుమార్ గారు పుస్తకం తెరవబోయారు. పేజీలు తడిసి అంటుకుపోయాయి. నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. ఆయన పుస్తకం పక్కనపెట్టి డబ్బా అందుకున్నారు.

ఎనిమిది దాటాక, నిండుగా తిరిగొస్తున్న లక్ష్ముడి మిగులు నావ వాళ్లను చూసి తాడు కట్టి లాక్కొచ్చింది. లక్ష్ముడు అప్పయ్య బావమరిది, నిన్నటిదాకా తెడ్డు వేసినవాడు. మిగతా మూడు మిగులు నావలూ అప్పటికే జెట్టీలో చేపలు దించుతున్నాయి. తొమ్మిదికి పది నిమిషాల ముందే సరుకు అప్పగించి సంతకం పెట్టించుకున్నాను.

నంబర్ వన్ టీమ్‌ను పైసా విలువైన చేప కూడా లేకుండా దించాక, పాత పద్ధతే మళ్లీ అమల్లోకి వస్తుందని నోటీసు రాయమన్నారు దేవకుమార్ గారు. రాశాను. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి ఆయనకు. వాటిని చూసుకుంటూ, తాను ఎలా తోడానని అప్పయ్యను అడిగారు.

అప్పయ్య నిజాయితీగా ఆలోచించాడు. "బాగానే తోడారు సాబ్. ఇలాగే మూడేళ్లు తోడితే తెడ్డు ముట్టుకోనిత్తాం."

మా యజమాని ముఖం వెలిగిపోయింది. కంపెనీ పెట్టాక ఆయన పని బాగుందని ఎవరైనా అనడం అదే మొదటిసారి.