రెండో అంకె లేని మనిషి

పొద్దున్నే లేవగానే ఆయన చేసే మొదటి పని ఇంట్లో తలుపుల బందులన్నిటికీ తలో చుక్క నూనె వేయడం. ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్న మనిషి, లోకంలో మొరాయించే దేనికైనా ఒక చుక్క నూనె చాలని ఆయన నమ్మకం. వీధిలో వాళ్ళు ఆయన్ని నూనెచుక్క అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆయన పలుకుతాడు కూడా. నూనె పనయ్యాక కాఫీ, కాఫీ అయ్యాక కూతుర్ని కాటా ఎక్కించడం.

అది బస్తాలు తూచే కాటా. వీధి చివర పాత ఇనుము కొట్టాయన అరువిచ్చాడు. కూతురు చేతికర్ర గోడకి ఆనించి దాని మీద నిలబడుతుంది. ముల్లు నలభై ఎనిమిది దగ్గర ఆగుతుంది.

"ఇప్పుడు బస్సుని తలుచుకో" అంటాడు నూనెచుక్క.

ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంటుంది. ముల్లు యాభై ఐదుకి వెళ్తుంది, డెబ్బైకి వెళ్తుంది, తొంభై దాటుతుంది. పై పెదవి మీద చెమట పట్టే వేళకి నూట పదిహేను.

"చాల్లే, చాల్లే, దిగు తల్లీ" అంటాడాయన కంగారుగా. పాత క్యాలెండర్ కాగితం వెనక ఆ అంకె రాసుకుంటాడు.

ఆ అమ్మాయి భయపడితే బరువెక్కుతుంది. చిన్నప్పట్నించీ అంతే. బల్లి కనిపిస్తే మంచం కిర్రుమనేది. పరీక్షలప్పుడు బడిలో ఆమె బల్ల కాళ్ళు నేలలోకి దిగేవి, అందుకని పంతులమ్మలు ఆమెని గచ్చు గట్టిగా ఉన్న గదిలో కూర్చోబెట్టేవారు. కొందరికి భయమేస్తే ఎక్కిళ్ళొస్తాయి, ఈ పిల్లకి ఇదొస్తుంది. "అంతా వాళ్ళ అమ్మమ్మ పోలిక" అని తండ్రి ఎప్పుడో తేల్చేశాడు. ఆ అమ్మమ్మ పోయేనాటికి దిండుకంటే తేలిగ్గా ఉండేది. తల్లి ఆ మాట విన్నప్పుడల్లా ఏదో అనబోయి, పని చూసుకునేది.

కూతురు కళ్ళద్దాలు అరగదీసే కార్ఖానాలో పనిచేసేది. ఊరి పల్లంలో, ఇంటికి మూడు కిలోమీటర్ల దూరం. ఆరు నెలల కిందట పని నుంచి వస్తుంటే బస్సు బోల్తా పడింది. ఎడమ మడమలో ఉక్కు కమ్మీ వేసి కుట్టారు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట కూర్చున్న నూనెచుక్క కింద బెంచీ ఫెళ్ళున విరిగింది. చెదలు పట్టిన బెంచీలు వేస్తారా అని ఆయన ఆసుపత్రి వాళ్ళ మీద అంతెత్తున లేచాడు.

మడమ మానింది గాని భయం మానలేదు. ఆమె మొదటి మెట్టు మీద కాలు పెడితే చాలు, బస్సు టైర్లు నేలకి అతుక్కుపోయేవి. కండక్టర్ మంచివాడే. "ఏమనుకోకు చెల్లెమ్మా, మిగతావాళ్ళు కూడా వెళ్ళాలి కదా" అనేవాడు. ఆమె తలొంచుకుని దిగిపోయేది. నడుద్దామంటే మడమ అర కిలోమీటరుకే కేకలు పెట్టేది. ఇంతలో కార్ఖానా నుంచి ఉత్తరం వచ్చింది, ఇంకో మూడు నెలలు చూస్తామని, తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటామని. ఆ ఉత్తరం చదివిన రోజు ఆమె కూర్చున్న కుర్చీ కాళ్ళు నాలుగూ నాలుగు పక్కలకి సాగాయి. ఈ పని పోతే ఇక జన్మలో గడప దాటనని ఆమెకి తెలుసు. తెలిసిన భయం తెలియని భయం కంటే బరువు.

"నేను చేస్తా బండి" అన్నాడు నూనెచుక్క.

మూడు చక్రాలు. ముందు రెండు, వెనక ఒకటి. ముందు రెండుంటే మలుపులో పక్కకి ఒరగదు. మోటారు వెనక చక్రంలోనే ఇమిడి ఉంటుంది, బ్యాటరీ సీటు కింద. సన్నటి అల్యూమినియం గొట్టాలు, పైన గొడుగు గుడ్డ. ఎంత తేలిగ్గా ఉంటే బ్యాటరీ అంత దూరం లాగుతుందని ఆయనకి తేలిక పిచ్చి పట్టుకుంది. కనిపించిన రేకుకల్లా చిల్లులు వేశాడు. బోల్టుల తలలు అరగదీశాడు. భార్య సీటు కుట్టి ఇస్తే దాన్నీ తూచి, పీచు కాస్త తియ్యమన్నాడు.

"ఇంకా నయం, నన్ను కూడా అరగదియ్యలేదు" అందావిడ.

బ్రేకుకి పాత కుట్టుమిషన్ తొక్కుడు పలక బిగించాడు. దాన్ని తొక్కితే ఒకే తీగ ముందు చక్రాలు రెండింటినీ పట్టి ఆపుతుంది. చేతి బ్రేకు కూడా ఒకటుంటే బావుంటుంది కదా నాన్నా అని కూతురు అడిగింది. రెండు కిలోలు పెరుగుతుందన్నాడు.

కాగితం మీద లెక్క ఇలా ఉంది. ముందు సీటు, అమ్మాయి: 48, భయపడితే 115. వెనక సీటు, నేను: 62.

ఇనుము కొట్టాయన ఆ కాగితం చూసి, "నీకు రెండో అంకె లేదేంటన్నా?" అన్నాడు.

"నాకేం భయం?" అన్నాడు నూనెచుక్క.

కొట్టాయన కాగితం తిరిగిచ్చేశాడు. గుమ్మంలో నిలబడ్డ భార్య మాత్రం లోపలికి వెళ్ళిపోయింది.

తను చెప్పింది అబద్ధమని ఆయన అనుకోలేదు. ముందు సీట్లో నూట పదిహేను కిలోల ఇనప దిమ్మలు పేర్చి, వెనక తను కూర్చుని, కొట్టాయన చేత నడిపించాలని చూశాడు. కొట్టాయన దండం పెట్టి తప్పుకున్నాడు. చివరికి దిమ్మల పక్కనే ఇరుక్కుని తనే నడిపాడు. ఊరి పల్లానికి దిగే వాలు రోడ్డు మీద పదిసార్లు దిగాడు. కింద రాళ్ళ లారీలు పోయే పెద్ద రోడ్డుకి వంద అడుగుల ముందు సున్నం గీత గీసుకున్నాడు. పదిసార్లూ బండి గీత మీదే ఆగింది. మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

అమ్మాయి మొదటిసారి ఎక్కినప్పుడు స్ప్రింగులు మూలిగాయి. గొట్టాలు వంగుతాయేమోనని తల్లి బండి పక్కనే చెయ్యి వేసి నడిచింది. ఎదురింటావిడ పూలకుండీలు లోపల పెట్టుకుంది. బండి మనిషి నడకతో వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. దిగేసరికి అమ్మాయి జాకెట్టు వీపంతా తడిసిపోయింది. కాటా ఎక్కితే నూట పన్నెండు. మూడో రోజుకి తొంభై ఆరు. రెండు వారాలకి డెబ్బై. బండి తన చేతి కింద ఉంది కాబట్టేమో, వీధిలో ఉన్నంతసేపూ ఆమె భయం ఆమె మాట వినడం మొదలుపెట్టింది. కానీ వాలు రోడ్డు పేరెత్తితే మళ్ళీ నూట పదిహేనే.

గడువు సోమవారంతో సరి. ఎనిమిదింటికి బయలుదేరాలి. ఏడున్నరకే కూతురు అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని సీట్లో కూర్చుంది. నూనెచుక్క తొక్కుడు పలకకి ఒక చుక్క, తీగకి ఒక చుక్క వేసి, వెనక సీటెక్కాడు.

"మీరు దిగండి" అంది భార్య.

"మొదటిరోజు పిల్లని ఒక్కదాన్నే పంపుతానా?"

"నా మాట వినండి. మీరెక్కితే ఆ బండి ఆగదు."

"దిమ్మలు పెట్టి చూశానే, నీకు తెలీదు."

"నాకు తెలుసు" అందావిడ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పిల్ల పుట్టినప్పట్నించీ తెలుసు."

ఆయనకి అర్థం కాలేదో, అర్థం కానట్టు ఉన్నాడో, "పోనీ అమ్మా" అన్నాడు కూతురితో.

వీధి దాటేదాకా బాగానే ఉంది. వాలు మొదలైంది. కూతురు దూరంగా, కిందగా, పెద్ద రోడ్డు మీద పోతున్న లారీల్ని చూసింది. వెనక కూర్చున్న తండ్రి లారీల్ని చూడలేదు. కూతురి మెడ మీద, జుట్టు కింద, బస్సు అద్దం గీసిన మచ్చ చూశాడు. ఆసుపత్రిలో ఆ మచ్చ కుట్లతో నల్లగా ఉండేది. ఆయన సీటు అంచులు గట్టిగా పట్టుకున్నాడు.

కూతురు పలక తొక్కింది. బండి నెమ్మదించలేదు. ఇంకా గట్టిగా తొక్కింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

"నాన్నా, బ్రేకు పట్టట్లేదు."

ఆయనకి తన దిమ్మల లెక్క, సున్నం గీత, పదిసార్లు ఆగిన బండి, ఏదీ గుర్తు రాలేదు. నేనే చంపుతున్నాను నా పిల్లని, నా చేతుల్తో నేనే చేసి ఎక్కించాను, అన్నదొక్కటే తలలో తిరిగింది. టప్పుమని తీగ తెగింది. పలక ఖాళీగా నేలకి తగిలింది.

బండి ఊపందుకుంది. సున్నం గీత వాళ్ళ కాళ్ళ కింద నుంచి వెనక్కి పోయింది. లారీ హారన్ వినిపించింది. కూతురు అరవలేదు, అరవడానికి తీరిక లేదు. రోడ్డులో గుంత ఉంది, దాన్ని తప్పించాలి. కుక్క ఉంది, దాన్నీ తప్పించాలి. పిడి రెండు చేతుల్తో పట్టుకుని కళ్ళార్పకుండా చూస్తోంది. అప్పుడు వెనక ఏదో మూలిగింది.

వెనక స్ప్రింగు పూర్తిగా కుంగింది. టైరు మడ్గార్డుకి రాసుకుని కీచుమంది. తర్వాత గొట్టాలు వంగాయి, వంగి బండి అడుగు రోడ్డుకి తగిలింది. ఒక్కసారిగా నిప్పురవ్వలు. తారు చీరుకుంటూ, రేకులు అరుస్తూ, లంగరేసిన పడవలా బండి ఈడ్చుకుంటూ పోయి, పెద్ద రోడ్డు అంచున ఆగింది. మోచేతి దూరంలో లారీ దూసుకుపోయింది. దాని గాలికి గొడుగు గుడ్డ పైకి లేచి ఆమె మొహం మీద పడింది.

కూతురు గుడ్డ తీసి, కర్ర కోసం తడుముకుని, దిగింది. ఆమె దిగితే ముందు స్ప్రింగులు కొంచెమే లేచాయి. ఆమె వాటి వంక చూసింది. నలభై ఎనిమిది కిలోలు లేస్తే ఎంత లేస్తాయో అంతే లేచాయి. తర్వాత వెనక సీటు వంక చూసింది. బండి తోక రోడ్డులో జానెడు దిగబడి ఉంది. అందులో ఆమె తండ్రి కళ్ళు గట్టిగా మూసుకుని, సీటు అంచులు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, దిగు." చెయ్యి పట్టి లాగింది. కొండని లాగినట్టుంది. "నాన్నా, కళ్ళు తెరువు. నేను బాగానే ఉన్నా."

ఆయన కళ్ళు తెరిచాడు. ఆమె రెండు చేతులూ, రెండు కాళ్ళూ, మొహం వరుసగా చూశాడు. అప్పుడు ఏడ్చాడు, సిగ్గుపడకుండా, చిన్నపిల్లాడిలా.

"ఎప్పట్నించి నీకిది?"

"మా నాన్నకుండేదంట. నాకు రాలేదనే అనుకున్నా." ముక్కు తుడుచుకున్నాడు. "నువ్వు పుట్టిన రోజు మొదలైంది. పురిటి గది బయట మెట్టు విరిగింది."

"ఆసుపత్రి బెంచీ?"

"చెదలు పట్టింది" అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

"అది ఇనప బెంచీ నాన్నా" అంది కూతురు. "ఇనుముకి చెదలేంటి?"

ఇద్దరికీ ఏడుపులోంచే నవ్వొచ్చింది. నవ్వేసరికి బండి తోక వేలెడు పైకి లేచింది.

ఆయన లేవగలిగేసరికి ఎనిమిదీ ఇరవై అయింది. జేబులో ఎప్పుడూ ఉండే పట్టకారుతో తెగిన తీగ ముడేసి, మిషన్ స్క్రూతో బిగించాడు. వంగిన గొట్టాలు కాలితో తన్ని కొంచెం తిన్నగా చేశాడు. పలక తొక్కి, తోసి, నాలుగుసార్లు చూశాడు. పట్టింది. తీగది తప్పు కాదు. కూతురి రెండో అంకెకి సరిపడా మందం ఎంచి వేసింది అది. తన రెండో అంకె దానికెవరూ చెప్పలేదు.

"ఇక్కణ్ణుంచి చదునే" అన్నాడు. "నువ్వెళ్ళు. నేనెక్కను."

"ఒక్కదాన్నేనా?"

"నేనెక్కితే నువ్వాగవు."

ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో రోడ్డు పక్క రాయికి తెలుసు, ఆయన కూర్చోగానే అది రెండు వేళ్ళు దిగింది. కూతురు కాసేపు చూసి, లారీలు తెరిపివ్వగానే రోడ్డు దాటింది. బండి కీచుమంటూ, కొంచెం కుంటుతూ, మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. పని మొదలయ్యే తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా ఆమె కార్ఖానా గేటు దగ్గర దిగిందట.

భార్య వాలు దిగి వచ్చేసరికి ఆయన ఆ రాయి మీదే ఉన్నాడు. ఆవిడ పక్కన కూర్చుని, ఆయన నడవగలిగినంత తేలికయ్యేదాకా కాచుకుంది. పన్నెండు దాటింది.

ఆ వారంలో బండికి చేతి బ్రేకు వచ్చింది. రెండు కిలోలు పెరిగింది, పెరగనీ అన్నాడు. వెనక సీటు తనే విప్పి వీధి గుమ్మం పక్కన వేసుకున్నాడు. కూతురు పనికి వెళ్ళిన ప్రతి రోజూ, దుకాణం అయిదింటికే కట్టేసి వచ్చి, కీచుమనే చప్పుడు వినిపించేదాకా దాంట్లో కూర్చుంటాడు. అది వినిపించగానే చటుక్కున లేచి గేటు తీస్తాడు. సీటు కింద గచ్చులో గుంట పడింది. వానాకాలం నీళ్ళు నిలుస్తాయి, పూడ్పించమని కొట్టాయన చాలాసార్లు చెప్పాడు.

"చెదలు పట్టిందిలే" అంటాడు నూనెచుక్క.