పేగును పారేయని పళ్ళెం

నేను ఒక డిసెక్షన్ పళ్ళేన్ని. ముక్కు మూసుకోకండి, ఫార్మలిన్ వాసన ఎప్పుడో పోయింది. బేగంబజారులో ఒక రేకుల పనివాడు నన్ను వంచి, మూలలకు సీసంతో మాటు వేసి అతికి తయారుచేశాడు. నా తోబుట్టువులు కొందరు మిఠాయి దుకాణాలకు పోయి జిలేబీలు మోశారు. నేను యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగానికి వచ్చి బొద్దింకలను మోశాను. అక్కడి అటెండరు ఖాసిం నా కడుపులో మైనం కరిగించి పోశాడు, అందులో దీపపు మసి కలిపాడు. పురుగు నాడులు తెల్లటి దారాల్లా ఉంటాయి కాబట్టి అవి కనబడాలంటే కింద నలుపుండాలి. ఏటా సెలవుల్లో ఆ మైనాన్ని మళ్ళీ కరిగించి, గుండుసూదుల గుంటలన్నీ పూడ్చి, కొత్త పిల్లలకు నన్ను నున్నటి ముఖంతో అప్పగించేవాడు.

అక్కడి ప్రయోగశాల బల్ల మీద పడి ఉండగా మనుషుల పద్ధతి నాకు బాగా అర్థమైంది. వాళ్ళకు పేగులు చూసే రోజు ఒకటి, నాడులు చూసే రోజు ఇంకొకటి. పేగుల రోజున నాడులను తెంపేసేవారు. నాడుల రోజున పేగు అడ్డమని ఒక్క లాగు లాగి బకెట్లో పడేసేవారు. ప్రొఫెసర్లు కూడా అలాగే నేర్చుకున్నారు, అలాగే నేర్పారు. నాడీదండం చివర ఒక ముడి ఉంటుందనీ, దాని నుంచి సన్నటి నాడులు బయల్దేరి చివరి పేగును అంటిపెట్టుకొని ఉంటాయనీ పరీక్షలో అందరూ రాసేవారు, మార్కులూ తెచ్చుకునేవారు. కంటితో చూసినవాళ్ళు మాత్రం ఆ గదిలో ఒక్కరూ లేరు. ఒకటి పారేసి ఇంకొకటి చూస్తే రెండూ కలిసేచోటు ఎలా కనిపిస్తుంది? నాకు నోరుంటే అప్పుడే అడిగేదాన్ని.

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకో దారి అంటారు. మా ఉలిపికట్టె పేరు నీరజ. భువనగిరి దగ్గరి పల్లె నుంచి పరిశోధనకు వచ్చింది. బొద్దింకలో మలవిసర్జనను నాడులు ఎలా నడిపిస్తాయన్నది ఆమె ఎంచుకున్న విషయం. ఆ మాట వినగానే విభాగమంతా పగలబడి నవ్వింది. క్యాంటీన్‌లో ఆమెకు ‘దొడ్డి డాక్టరమ్మ’ అని పేరు కూడా పెట్టేశారు. విభాగాధిపతి సుదర్శనాచార్యులు గారు నవ్వలేదు కానీ, ముఖం చిట్లించారు.

“మెదడు మీద చెయ్యమ్మా, గౌరవంగా ఉంటుంది. రేపు పెళ్ళిచూపుల్లో దేని మీద పరిశోధన అని అడిగితే ఏం చెప్తావు?”

“ఉన్నదే చెప్త సార్.”

“అయితే కమిటీ ముందు చేసి చూపించు. చూపించలేకపోతే విషయం మార్చుకోవాలి. తర్వాత నన్నేమీ అనకూడదు.”

“సరే సార్.”

ఆ సాయంత్రం నన్ను కడుగుతూ ఆమె ఖాసింకు అసలు సంగతి చెప్పింది. తండ్రి ఐలయ్య కల్లు గీసేవాడు. తాటిచెట్టు మీద నుంచి పడితే వెన్ను విరిగింది. కాళ్ళు పడిపోయాయని ఊళ్ళో అందరికీ తెలుసు. మలమూత్రాలు కూడా మాట వినడం మానేశాయన్నది మాత్రం ఇంట్లో ఎవరూ పైకి అనరు. తల్లి నోరు మెదపకుండా గుడ్డలు ఉతుకుతుంది.

“మా పెదనాయిన వచ్చిండు చాచా. లేవరాకపోతే రాకపాయె, పట్టుకునుడన్న రాదా అన్నడు, నాయిన ముంగటనే. నాయిన గోడ దిక్కు తిరిగి పండిండు. అప్పటిసంది అన్నం సగమే తింటుండు. ఎక్కువ తింటే అమ్మకు పని ఎక్కువైతదని.” ఆమె నా అంచును ఇంకా గట్టిగా తోమింది. “నాకు ఏడుపు రాలె. కోపమొచ్చింది.”

ఖాసిం నన్ను ఆమె చేతిలోంచి తీసుకుని తుడిచి, మిగతా పళ్ళేలన్నిటికన్నా పైన పెట్టాడు.

కమిటీ వచ్చిన రోజు నీరజ బొద్దింకను మంచులో మొద్దుబార్చి, తల తీసేసింది. నా మీద గుచ్చి, వీపు తెరిచి, ఉప్పునీళ్ళు పోసింది. పేగును లాగి పారేయకుండా మెల్లగా పక్కకు జరపసాగింది. సుదర్శనాచార్యులు గారికి ఓపిక నశించింది. “ముందు ఆ పేగు తీసెయ్యి, అడ్డంగా ఉంది” అంటూ అలవాటు కొద్దీ తనే పట్టకారు అందుకుని దాని మీదికి వంగారు.

“చెయ్యి తీయండి సార్.”

ఆ గదిలో ఆయనతో అలా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆయన చెయ్యి తీశారు. నా రేకు తనంతట తాను మోగగలిగితే ఆ రోజు డప్పులా మోగేది!

నీరజ సన్నటి తీగతో చివరి ముడిని తాకి, చిటికెడంత కరెంటు పంపింది. చివరి పేగు బిగుసుకుంది, ఒక అల కదిలింది, నల్లటి ఉండ ఒకటి బయటికొచ్చి నీళ్ళలో పడింది. కమిటీలో ఒకాయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆమె ముడి నుంచి పేగుకు వెళ్ళే నాడులను కత్తిరించి, మళ్ళీ తాకింది. పేగు తనంతట తాను కాస్త వణికింది కానీ, దేన్నీ నెట్టలేదు.

“దీనికి తల లేదు సార్, అయినా పని జరిగింది. నాడి తెగినంక ఆగింది. పేగుకు రోగం లేదు, పురుగుకు బద్ధకం లేదు. మాట పోయే తొవ్వ తెగింది, అంతే.”

సుదర్శనాచార్యులు గారు కళ్ళజోడు తీసి, వంగి, చాలాసేపు చూశారు. నాడీ పేగూ కలిసేచోటును ఆయన కూడా అప్పుడే మొదటిసారి చూశారు. కాగితం మీద సంతకం పెట్టబోతూ, “పేరు మాత్రం కాస్త శుభ్రంగా పెట్టుకో, అంత్యాహారనాళ చలనం అని” అన్నారు.

“మలవిసర్జన అనే ఉంటది సార్.”

అలాగే ఉంది.

తర్వాత ఒక ఆదివారం నీరజ ఆటోలో ఐలయ్యను తీసుకొచ్చింది. ఖాసిం ఎత్తుకొచ్చి నా ముందు కూర్చోబెట్టాడు. నీరజ మళ్ళీ అంతా చేసి చూపించింది. ఆయన భూతద్దంలోంచి చూసి అడిగాడు.

“దానికి పొమ్మంటే పోతలేదు. నాకు ఆగమంటే ఆగుతలేదు. గంతేనా బిడ్డా?”

“మనిషిది ఇంక చాన తిరకాసు నాయినా. కానీ నీది గూడ తొవ్వే తెగింది. నువ్వు పట్టుకోక కాదు.”

ఐలయ్య తల ఎత్తాడు. “మీ పెదనాయినను గిక్కడికి తోల్కరా. కండ్లు తెరిసి సూడమను.”

వరండాలో ఖాసిం టిఫిన్ డబ్బా విప్పాడు. ఐలయ్య తిన్నాడు. “ఇంకింత పెట్టు” అని అడిగి మరీ కడుపునిండా తిన్నాడు. నీరజ అప్పుడు ఏడ్చింది.

ఆ ఏడు ఖాసిం నా మైనం కరిగించలేదు. ఆ తర్వాతా కరిగించలేదు. ఇప్పుడు కోతలు మానేశారు, పిల్లలు బొద్దింకను కంప్యూటర్‌లో చూస్తున్నారు, మంచిదే. నేను పాత సామాన్ల గదిలో, ఎవరికో ఇవ్వగా మిగిలిన బహుమతి షీల్డుల పక్కన ఉన్నాను. వాటి ఠీవి వాటిది. నా మైనంలో మాత్రం ఆ పేగు చుట్టూ గుచ్చిన సూదుల గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. నేను బొద్దింక పెంటను మోసిన పళ్ళేన్ని. మోశాను కాబట్టే ఒక మనిషి తలెత్తి అన్నం తిన్నాడు. రేపు తుక్కువాడు వస్తే రానివ్వండి, మైనం గీకేస్తే గీకెయ్యనివ్వండి. సిగ్గుపడమని మాత్రం నన్ను అడక్కండి.