యాదలక్ష్మి కట్టిన విమానం

యాదలక్ష్మి నూలుపోగులను ఎడమచేతి వేళ్లమధ్య సాగదీసి పట్టి, సైకిల్ ట్యూబు పేలికను పళ్లతో లాగి ముడి బిగించింది. ముడి పడినచోట రంగు ఎక్కదు. విడిచినచోట ఎక్కుతుంది. ఆ నూలుతో నేసే తలరుమాలు మీద విమానం రెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఆ ముడులే తేలుస్తాయి. యాభై దాటిన మనిషి. చూపుడువేలి పక్కన చర్మం కాయకాచి గవ్వలా మెరుస్తోంది.

వాకిట్లో జీపు ఆగింది.

"వచ్చిండ్రు," అంటూ మగ్గం గుంటలోంచి లేచాడు భర్త లచ్చయ్య.

పట్నం మ్యూజియం నుంచి వచ్చిన సుగుణ, నేసి ఉంచిన రుమాలును మంచం మీద పరిచింది. ఎర్రటి బట్ట మీద నల్లటి విమానాలు బారులు తీరాయి.

"రేపే ప్రదర్శన. చీటీ మీద ఎవరి పేరు రాయాలి?"

"లచ్చయ్య అని రాయుండ్రి, మేడం," అన్నాడతను.

యాదలక్ష్మి వచ్చి రుమాలు మడిచి చంకలో పెట్టుకుంది. ఎనభై ఆరులో పట్నం ప్రదర్శనకు పోయిన తమ రుమాలు పక్కన లచ్చయ్య పేరొక్కటే ఉందని, చూసొచ్చిన ఎదురింటి సోమమ్మ చెప్పింది. అప్పటినుంచి ఆమె ఈ గడియ కోసమే కాచుకుని ఉంది.

"నేసింది ఆయన. గీ విమానాలు కట్టింది నేను. నా పేరు గూడ ఉండాలె."

"తప్పకుండా. మీ పేరేంటమ్మా?"

"ఆయన్నే చెప్పమనుండ్రి. నేను చెప్పుకుంటె గొప్పలు పోతాందంటరు వాడకట్టోళ్లు. ఆయన నోటెంట రాకుంటె రుమాలు ఇయ్య."

ఆ వాడలో పెండ్లాన్ని పేరుపెట్టి పిలిచిన మగవాడు లేడు. కాపురమంతా "ఏమే", "ఇగో"లతోనే గడిచిపోయింది.

"మా ఇంటిది," అన్నాడు.

"అలా రాయలేమండీ."

"మా బిడ్డ మారెమ్మ తల్లి."

"అది మీ కూతురి పేరు కదా?"

ఎదురరుగు మీద సోమమ్మ పకపకా నవ్వింది. "ఏందన్నా, పేరు చెప్తె పండ్లు రాల్తయా?"

"జర నోర్ముయ్యి చెల్లె!"

వాకిట్లో జనం పోగయ్యారు. డ్రైవర్ హారన్ కొట్టాడు. "మేడం, పొద్దుగూకుతాంది!"

సుగుణ పెన్నుకు మూత పెట్టింది. "ఇంకో ఊళ్లో చూసుకుంటామండీ," అంటూ వెళ్లి జీపెక్కింది.

లచ్చయ్య భార్యకేసి చూశాడు. ఆమె బతిమాలలేదు. చంకలోని రుమాలు వదల్లేదు. గడ్డం మాత్రం సన్నగా వణికింది. జీపు కదిలింది.

"యాదలక్ష్మీ!" వాడంతా అదిరేలా అరిచాడు లచ్చయ్య.

"ఆఁ, ఒస్తున్న!" పుట్టింట్లో అమ్మ కేకేస్తే పలికినట్టు పలికిందామె.

వాకిలంతా గొల్లున నవ్వింది. జీపు వెనక్కొచ్చింది. చీటీ మీద రెండు పేర్లు ఎక్కాయి. కట్టినామె పేరు ముందు.

"అద్దాల పెట్టెలో పెట్టేటప్పుడు మీరూ చూడండి. రేపు సాయంత్రం నేనే తిరుగు బస్సెక్కిస్తాను," అంది సుగుణ.

ఆ మాట పూర్తికాకముందే యాదలక్ష్మి రుమాలుతో సహా జీపులో ఉంది.

"మరి నాకు బువ్వ?" అన్నాడు లచ్చయ్య.

"కుండల ఉన్నది. పెట్టుకొని తిను."

"యాదలక్ష్మీ, పైలం!" ఈసారి నోరు తడబడలేదు.

జీపు మలుపు తిరిగింది. దుమ్ము అణిగాక లచ్చయ్య ఇంటివైపు మళ్లి, గడప దగ్గర ఆగిపోయాడు. అక్కడ ఆమె హవాయి చెప్పులు, ఒకదాని తెగిన పట్టీకి పిన్నీసు పెట్టినవి, జీపు పోయిన దిక్కుకే ముక్కులు తిప్పి ఉన్నాయి.