పట్టు తప్పిన పట్టీలు

ఇంకా తెల్లవారలేదు. కిడిర్ వాకిట్లో మంచు మీద బూటు మడమతో కొట్టి చూశాడు. టకటకమంది. రాత్రి చలికి బిగిసిన వసంతకాలపు మంచు, ఎండ తగిలేదాకా రాయి, తగిలాక గంజి. ఆలోపే కొండెక్కి దిగిపోవాలి, లేకుంటే విరిగి మీద పడుతుంది.

ఇవాళ అతనికి పరీక్ష. గైడ్ల సంఘం నగరం నుంచి మెలిస్ అగాయ్‌ని, అంటే మెలిస్ గురువుగారిని, పంపింది. ఆయన్ని ఎక్కించి క్షేమంగా దించితే గైడు బిళ్ల చేతికొస్తుంది, అతిథుల్ని సొంతంగా నడిపించుకోవచ్చు. రాకపోతే ఈ ఏడూ నగరపు గైడ్ల వెనక మూటలు మోయడమే. మెలిస్ మాటలో మెలిక లేని వాక్యం ఉండదు. రాత్రి భోజనం దగ్గర "మంచు గురించి నీకేం తెలుసోయ్?" అని అడిగి, జవాబు తనే చెప్పి, అది తప్పని తనే దిద్దాడు.

ఇద్దరూ స్ప్లిట్‌బోర్డులు విడదీశారు. ఎక్కేటప్పుడవి రెండు చెక్కలు, దిగేటప్పుడు ఒకటే బల్ల. చెక్కల అడుగున, వెనకవైపు జిగురుండే నూగు పట్టీలు అంటించుకుంటే మంచు మీద వెనక్కి జారకుండా ఎక్కవచ్చు. మెలిస్ పట్టీ అంటించబోయాడు. అంటలేదు. అదిమాడు. చేపలా చేతిలోంచి జారింది. వాసన చూసి మొహం గొర్రెలా పెట్టాడు.

"కొవ్వు! ఎవరికోయ్ ఇంత కొవ్వెక్కింది?"

కిడిర్‌కి అర్థమైపోయింది. అమ్మ! జీను పటకాలకీ, బూట్లకీ, తోలన్నది ఏది కనబడినా దానికీ గొర్రె తోక కొవ్వు పట్టించే చెయ్యి అది. పొయ్యి పక్కన ఆరేసిన పట్టీలు ఎండిన తోళ్లలా కనబడ్డాయి కాబోలు. పరాయివాడి ముందు తల్లిని తప్పుపట్టడానికి నోరు రాలేదు.

"నేనే పూశా, అగాయ్."

"పట్టీకి కొవ్వు పూసే గైడా! నీ పరీక్ష ఇక్కడితో సరి."

ధడాలున తలుపు తెరుచుకుంది. అతని తల్లి బూరుల్ అపా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"వీడి మొహం! పూసింది నేను. నా కష్టం నీదని చెప్పుకుంటావేరా? అగాయ్, అతిథి కదా అని మీవే ముందు చేశాను. వెనకవైపు ఏదో జిగురు పట్టేసుంది నాయనా, ఎన్నాళ్లయిందో కడిగి! కత్తితో గోకి గోకి తీశాను. పెళ్లి విందుకని దాచిన తోక, మొత్తం పట్టించేశా!"

మెలిస్ పట్టీని మడిచి సంచిలో పెట్టాడు. రాత్రి, పెద్ద అతిథికే దక్కే గొర్రె తల ఆయన ముందే పెట్టిందీవిడ. తల తిన్నవాడు తలెత్తి ఏం మాట్లాడతాడు?

"మంచి చెయ్యి, అపా," అన్నాడు.

"మరి నిలబడ్డారేం? ఎక్కండి, చూస్తాను!"

ఎక్కారు. మనుషుల్ని మోయాల్సిన బోర్డుల్ని మనుషులే వీపున మోస్తూ, బూటు మొనతో మంచులో మెట్లు తన్నుకుంటూ. మెలిస్ వెనక్కి చూసినప్పుడల్లా అపా చెయ్యి ఊపింది. శిఖరం ఇంకా పైనుండగానే ఎండ వాళ్లని అందుకుంది. కిడిర్ బూటు చీలమండదాకా దిగబడింది. ఆగిపోయాడు.

"ఇక చాలు, అగాయ్. దిగుదాం."

"అదుగో శిఖరం! ఫోటో లేకుండా ఏ మొహం పెట్టుకుని దిగను?"

"మొహం మిగలాలంటే దిగాలి."

"బిళ్ల నా జేబులో ఉంది, మరిచిపోకు!"

కిడిర్ వీపు మీంచి బోర్డు దించాడు. "అక్కడే ఉంచుకోండి. ఎండ మీ మాట వినదు, నేనూ వినను."

బోర్డు ముక్కలు కలపడం మొదలుపెట్టాడు. అంతలో పైనుంచి రొట్టెంత తడి ముద్ద ఒకటి దొర్లి, మెలిస్ కాలి పక్కనుంచి పోతూ పోతూ గుమ్మడికాయంతయింది. ఆయన గబగబా తన ముక్కలూ కలిపాడు.

కిడిర్ గీసిన దారి వెంటే దిగాడు మెలిస్. మధ్యలో రెండుసార్లు దోసెలా తిరగబడ్డాడు. కింద వాకిట్లో మంచు దులుపుకుంటూ జేబులోంచి బిళ్ల తీశాడు.

"అబద్ధానికి మార్కులు కోశాను. నన్ను దించినందుకు కలిపాను. లెక్క నాకే తేలలేదు, తీసుకో. ఒక్క షరతు: ఈ కొవ్వు సంగతి నగరంలో పొక్కకూడదు."

కిడిర్ ఒట్టేసి బిళ్ల అందుకున్నాడు. ఇంట్లోంచి అమ్మ గొంతు వినబడింది, ఫోన్లో, నగరంలో ఉన్న తన చెల్లెలితో:

"అవునే, గురువుగారే మెచ్చుకున్నాడు! మీ వీధిలో ఎవరికైనా కావాలంటే పట్టీలు పంపించు, అందరివీ గోకి పెడతాను!"