చెరువు గుట్టు

వెంకటాద్రి నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన మాత్రం దాన్ని లోపమనుకోడు, పెద్ద సుగుణమనుకుంటాడు. మనవాళ్ళ దగ్గర దాపరికం పనికిరాదంటాడు. మనవాళ్ళంటే ఎవరయ్యా అంటే, బంటుమిల్లి రోడ్డు మీద టీ కొట్టుకి వచ్చే ప్రతివాడూ.

ఆయన కూతురు యశస్విని గుడివాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. కుదిరిన పెళ్ళిని తనే వద్దనుకుని, సెలవు పెట్టి ఇంటికొచ్చింది.

"ఎందుకని అడక్కు నాన్నా. అది నా సొంత విషయం," అంది.

కూతురి సొంత విషయమంటే తండ్రికీ అందులో వాటా ఉంటుందని వెంకటాద్రి లెక్క. మర్నాడు పొద్దున టీ చల్లారేలోపు ఊరంతటికీ కబురు అందింది. కారణం తెలియదు కాబట్టి తలా ఒకటి కల్పించారు. ఆయన అన్నీ ఓపిగ్గా విని, ఇంటికొచ్చి ఒక్కొక్కటే కూతురికి వినిపించాడు.

"ప్రైవసీ అంటే తెలీదా నాన్నా నీకు?"

"తెలియకేమమ్మా. తలుపేసుకుని స్నానం చేయడం. పెళ్ళి ఆగినదానికి తలుపులెందుకు? పదిమంది చెవిన పడితేనే గదా ఇంకో సంబంధం వచ్చేది."

యశస్విని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆయన ఆ తలుపు బయటే నిలబడి, అప్పటికే వచ్చిన రెండు సంబంధాల గురించి వివరంగా చెప్పాడు.

ఆ వారంలోనే ఆయన రొయ్యల చెరువుకి తెల్లమచ్చ రోగం తగిలింది. గట్టు వారన తేలిన రొయ్యని చేతిలోకి తీసుకుని, తల డిప్ప మీద తెల్లటి చుక్కలు చూసి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు. భార్య సుబ్బరత్నమ్మకి మాత్రం వంటింట్లో, కుక్కరు కూతల చాటున చెప్పాడు.

"ఇంటి గుట్టు లంకకి చేటన్నారు. ఎవరితోనూ అనకు. రేటు బాగుందని చెప్పి రొయ్య పట్టించి అమ్మేస్తాను. ఆనక నీళ్ళు బోదె కాలవలోకి వదిలేద్దాం."

"మొన్న పిల్ల సంగతి గుట్టు కాదా మరి?" అంది సుబ్బరత్నమ్మ.

"అది వేరు, ఇది వేరు," అన్నాడాయన.

రోగమొచ్చిన చెరువు నీళ్ళలో బ్లీచింగ్ కలిపి, కొన్నాళ్ళు నిలవ ఉంచి వదలాలని ఆయనకి తెలియక కాదు. కానీ గట్టు మీద బ్లీచింగ్ బస్తాలు దిగితే దండోరా వేయించుకున్నట్టే. రోగపు చెరువని పేరు పడితే మళ్ళీ కొనేవాడు ఆ గట్టెక్కడు. అయితే ఆ బోదెలోంచే పక్క చెరువుకి సత్యవతి నీళ్ళు తోడుకుంటుంది. భర్త పోయాక కౌలుకి తీసుకుని, ఒంటిచేత్తో పెంచుకొచ్చిన చెరువు. రొయ్య పట్టుబడికి వచ్చింది కూడాను. అది తలుచుకుంటే వెంకటాద్రికి అన్నం సయించలేదు. నోరు మాత్రం పెగల్లేదు.

వల వేయించి రొయ్యనంతా లారీకి ఎక్కించిన రోజు సాయంత్రం సత్యవతే వాళ్ళింటికొచ్చింది. యశస్విని మనసు బాగాలేదని విని, బందరు లడ్డూలు పట్టుకొచ్చింది.

"మీ నాన్న చెప్పింది విన్నానమ్మాయ్. అసలేం జరిగిందో నువ్వు చెప్పు."

"అది చెప్పలేను అత్తయ్యా. కానీ రేపు నువ్వు నీళ్ళు తోడొద్దు. మా చెరువుకి తెల్లమచ్చ వచ్చింది."

వంటింటి మాట చాటుగా విని కన్నకూతురే గుట్టు రట్టు చేసిందని వెంకటాద్రికి ఒళ్ళు మండింది. సత్యవతి ముఖం చూశాక ఆ మంట చల్లారి సిగ్గు మిగిలింది. ఆవిడ లడ్డూల పొట్లం బల్ల మీద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి.

"బ్లీచింగ్ నేను తెప్పిస్తాను అన్నయ్యా. బస్తాలు నా గట్టునే దింపిస్తాను. మీరు తెల్లారగట్ల కలిపించుకోండి," అంది చివరికి. "నీళ్ళు మాత్రం అప్పుడే వదలకండి. నేనెవరికీ చెప్పను."

నిజంగానే ఎవరికీ చెప్పలేదు. బస్తాలు ఆవిడ గట్టున దిగాయి, వచ్చేపోయేవాళ్ళు చూశారు. రెండు రోజుల్లో, సత్యవతి చెరువుకి రోగమట అన్న మాట టీ కొట్టుకి చేరింది. బందరు నుంచి వచ్చి రొయ్య కొనే సాల్మన్ రాజు అక్కడే ఉన్నాడు.

"ఇవాళ ఆవిడ చెరువుకేనండి నేను బయల్దేరింది. ముందే తెలిసింది, నయం," అన్నాడు.

వెంకటాద్రి గ్లాసు కింద పెట్టాడు.

"రోగం ఆవిడ చెరువుకి కాదు, నా చెరువుకి. నేనే దాచాను. ఆవిడ రొయ్య బంగారంలా ఉంది," అన్నాడు.

కొట్టులో అందరూ ఆయన వైపు తిరిగారు. ముందుగా తేరుకున్నది ఆయన చిన్ననాటి స్నేహితుడు ధర్మారావు. అతని కళ్ళు చెమర్చాయి.

"చూశారటండీ? దిక్కులేని ఆడమనిషి నష్టపోతుందని నింద తన మీద వేసుకుంటున్నాడు."

"నిజం చెప్తున్నానురా. ఒట్టు."

"ఊరుకో వెంకటాద్రీ. కన్నకూతురి పెళ్ళి ఆగితేనే కడుపులో దాచుకోలేదు నువ్వు. చెరువు సంగతి దాస్తావా?"

అందరూ అవునన్నారు. వెంకటాద్రి లేచి సాల్మన్ రాజు చెయ్యి పట్టుకున్నాడు. ఒక్కసారి వచ్చి ఆ రొయ్యని కళ్ళతో చూడమని బతిమాలాడు.

"మీలాంటివాళ్ళు ఉండబట్టేనండి వానలు పడుతున్నాయి," అని సాల్మన్ రాజు ఆయనకి దణ్ణం పెట్టి బండెక్కాడు. బండి సత్యవతి చెరువు మీదుగానే, ఆగకుండా వెళ్ళిపోయింది.