ఫోములో ఎర్ర దుమ్ము

ఉప్పు ఎడారి అంచున ఫెర్మిన్ బైకు దొరికి ఏడాదయింది. అతను మాత్రం దొరకలేదు. ఊరంతా ఉప్పు మీదే వెతికి ఊరుకుంది. చివరికి చెల్లెలు సతుర్నీనా ఆ బైకు తానే నడపాలనుకుంది. ఇంజన్‌కి గాలి వడపోసే పాత ఫోమ్ ఫిల్టర్ ఊడదీసి మెకానిక్ సెనోబియో దుకాణానికి తీసుకెళ్ళింది.

"ఒంటి పొరది చాలా, రెండు పొరలది కావాలా బాబాయ్?"

సెనోబియో పాత ఫోమును వేళ్ళతో నలిపి చూశాడు. వేళ్ళకు ఎర్ర దుమ్ము అంటుకుంది.

"వాడు బయల్దేరే ముందు దీన్ని నేనే కడిగి నూనె పట్టించానమ్మా. ఈ ఎర్ర దుమ్ము మూసేసిన గని దారిలో తప్ప ఎక్కడా లేదు."

"మరి బైకు ఉప్పు దగ్గరెందుకుంది?"

ఆయన రెండు పొరలది తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదే తీసుకో. అక్కడ దుమ్ము ఎక్కువ. నేనూ వస్తాను."

మూడో రోజున ఫెర్మిన్ శవం గని గోతిలో కనిపించింది.

అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది. ఒక్కొక్కరే సతుర్నీనా చెయ్యి పట్టుకుని ఓదార్చారు. అన్న బైకును గని నుంచి ఉప్పుదాకా తోలుకొచ్చిన చెయ్యి వీటిలో ఏదో అనుకుంటూ, ఆమె ఒక్కో చేతినీ కాసేపు వదల్లేదు.